భయమొకటే కాదు

ధర్మపురి బజారులో చేపలు వేయించే వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా కడుపులో ఏదో గిరగిరా తిరుగుతుంది. చిన్నప్పుడు అక్కడికి దగ్గర్లోని హొగేనక్కల్ జలపాతం దగ్గర, కావేరి ఒడ్డున, అదే వాసన మధ్య, మొదటిసారి అలా తిరిగింది.

ఆ రోజు అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, నన్ను పరిసల్ ఎక్కిస్తానంది. నీళ్లమీద తిరిగే గుండ్రటి పుట్టిని మావాళ్లు అలా అంటారు. ఎప్పటినుంచో దానికోసమే కలవరించిన నేను తీరా ఒడ్డుకు చేరాక వణికిపోయాను. గుండె దడదడలాడింది. జ్వరమొచ్చిందనుకున్నాను.

"చిన్నమ్మా, నాకు ఒళ్లు సరిలేదు."

ఆమె నా నుదురు తాకి చూసింది. "జరం లేదే. భయమా?"

"తెలీదు."

"అట్లయితే ఇంటికి పోదామా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. "వద్దు, ఎక్కాల."

చిన్నమ్మ నవ్వింది. "చూసినావా, భయమొకటే కాదు, ఆశ కూడా ఉండాది. రెండూ కలిసి లోపల ఎగురుతా ఉండాయి. వాటి పేర్లు చెప్పుకుంటా ఎక్కు."

"భయంగా ఉంది, ఆశగా ఉంది" అనుకుంటూ ఎక్కాను. గుండె దడ ఆగలేదు గానీ, అది జబ్బు కాదని తెలిశాక ఆ దడ కూడా హుషారుగా అనిపించింది. జలపాతం దగ్గర తుంపర్లు ముఖాన కొడుతుండగా పరిసల్ నడిపే ఆయన దాన్ని బొంగరంలా తిప్పాడు.

"ఇప్పుడు ఒట్టి సంతోషమే చిన్నమ్మా" అని అరిచాను.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. "నాకు ఒట్టి భయమే" అంది.

తనకూ అదే మొదటిసారని తర్వాత అమ్మ చెప్పింది. ఒడ్డున ఆ ప్రశ్నలు చిన్నమ్మ నన్నొక్కదాన్నే అడగలేదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.