తాళం పిన్ని

తాళం పిన్నికి ఈత రాదు. నడుంలోతు నీళ్ళు చూసినా ఆవిడ పై ప్రాణాలు పైనే పోతాయి. అలాంటి మనిషి వారానికి ఆరు రోజులు పడవలో గడుపుతుందంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. "నమ్మకపోతే పీడాపోయె, లైఫ్ జాకెట్ మాత్రం బిగించుకోండి" అంటుంది ఆవిడ.

అసలు ఆవిడది కుట్టుపని. పడవల రేవు వెనక రేకుల షెడ్లు వరుసగా ఉంటాయి, వాటిలో చివరిది ఆవిడది. ఒక పాత కుట్టుమిషను, మైనం పట్టించిన దారపు ఉండలు, చిరిగిన సీటు తొడుగులు, బకిల్ ఊడిన లైఫ్ జాకెట్లు. జాకెట్ కుట్టడం అయ్యాక రెండు చేతులతో పట్టీలు పట్టుకుని, మోకాలు అడ్డంపెట్టి, పళ్ళు బిగించి లాగుతుంది. తెగకపోతే ఇంకోసారి లాగుతుంది. "ఆ జాకెట్ మీద నీకేం పగే?" అని భర్త నవ్వేవాడు. రేపు దాన్ని లాగేది నీళ్ళని, నీళ్ళు తన మొహమాటం చూడవని ఆవిడ జవాబు.

రేవులో ఆవిడ మరిదికి ఒక సర్ఫింగ్ పడవ ఉంది. వేక్‌సర్ఫింగ్ అంటే తెలియనివాళ్ళకి ఆవిడ చెప్పే తీరు వింటే సరదా పడినవాడు కూడా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. "పడవ వెనక తొట్లలో నీళ్ళు నింపుతారు. ఆ బరువుకి వెనక భాగం కుంగుతుంది. మనిషి పరుగెత్తే వేగంతో పడవ పోతుంటే వెనకాల పెద్ద అల లేస్తుంది. మీరు పొట్టి పలక మీద నిలబడి, ముందు తాడు పట్టుకుని, తర్వాత ఆ తాడు కూడా వదిలేసి, ఆ అల మీద జారాలి. పడవకీ మీకూ మధ్య రెండు మంచాల దూరం కూడా ఉండదు. పడవ కింద ఇనప రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి. ఇదీ ఆట!"

"వదినా, నువ్వు గిరాకీలు తెస్తున్నావా, తరిమేస్తున్నావా?" అని మరిది నెత్తి కొట్టుకునేవాడు.

ఆవిడ పడవెక్కడం మూడేళ్ళ కిందటి మాట. కొత్తగా కుట్టిన సీట్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూద్దామని ఒక్కరోజుకి ఎక్కింది. ఆ రోజు ఒకతను అల మీంచి జారి నీళ్ళల్లో పడ్డాడు. మరిది టైము కలిసొస్తుందని చుట్టూ తిరిగి రాకుండా పడవని తిన్నగా వెనక్కి నడిపాడు. వెనక్కి, ఇంకా వెనక్కి. నీళ్ళల్లో ఉన్నతని కాలు పడవ కిందికి తేలుతూ వెళ్ళడం ఆవిడ ఒక్కతే చూసింది. ఒక్క దూకులో మరిది పక్కకొచ్చి తాళం తిప్పి ఊడబెరికింది. ఇంజిను ఆగింది, పాటలు ఆగాయి. నీళ్ళల్లో ఉన్నతను ఏమీ తెలియక నవ్వుతూ ఈదుకుంటూ వచ్చాడు. ఆవిడ మాత్రం సీటు మీద కూలబడి, తాళాన్ని గుప్పిట్లో బిగించి, అతను పడవెక్కేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు జాకెట్ పట్టీ ముక్క ఒకటి ఎర్రది తీసుకుని, నీళ్ళల్లో పడినా తేలేలా దానికి బిరడా ముక్క కట్టి, తాళానికి తగిలించి పడవ దగ్గరికొచ్చింది. "ఇకనించి వెనక కూర్చునేది నేను. పడినవాడి దగ్గరికి వచ్చేసరికి ఇంజిను ఆపాలి, తాళం నా మెడలో పడాలి. వాడి రెండు పాదాలూ పడవలో చూశాకే తిరిగి ఇస్తాను. కుదరదంటావా, నీ జాకెట్లు నువ్వే కుట్టుకో."

మరిది గింజుకున్నాడు. గిరాకీలూ గింజుకున్నారు, ఎందుకంటే తాళం తీసినప్పుడల్లా పాటలు కూడా ఆగిపోయేవి. నెలతిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. ఆవిడకి పేరు కూడా మారింది. చిన్నా పెద్దా అందరికీ తాళం పిన్నే.

భయస్తులంటే లోకానికి చులకన. ఆవిడ భయం అలాంటిలాంటి భయం కాదు, పనిచేసే భయం. తాడు చివర వేలికి మెలిపెట్టుకున్నవాణ్ణి పట్టుకుని తిట్టేది. పడ్డవాడు నీళ్ళపైకి తేలగానే చెయ్యెత్తి చూపాలి, బాగానే ఉన్నానని దానికి అర్థం. చెయ్యి లేచేదాకా ఆవిడ ఊపిరి తీసుకునేది కాదు. అంతసేపూ మొహం వెనక్కి పెట్టి, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని, నీళ్ళల్లో మనిషి పడితే ఎత్తి చూపే నారింజరంగు జెండా చేతిలో పట్టుకుని కూర్చునేది. మరిది ముందుకి చూస్తాడు, ఆవిడ వెనక్కి చూస్తుంది. ఇద్దరికీ మాటల అవసరం ఉండేది కాదు.

మరిది కూతురు పదిహేడేళ్ళది. ఆవిడ చేతుల మీద పెరిగిన పిల్ల. సొంత పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వే దీపం. పెద్దమ్మ నీళ్ళంటే ఎంత బెదురుతుందో ఆ పిల్లకి నీళ్ళంటే అంత పిచ్చి. ఆ ఏడాది పోటీలకి పేరిచ్చింది. ఇంకో వారమే ఉంది. చలి రోజులు. పొద్దున్నే నీళ్ళమీద పొగమంచు, గాలి చురుక్కుమంటోంది. పడవలో ముగ్గురే ఉన్నారు, తండ్రి, పెద్దమ్మ, పిల్ల.

తొట్లు నిండడానికి ఇరవై నిమిషాలు పట్టేట్టుంది. బ్యాటరీ దిగిపోకుండా మరిది ఇంజిను ఆన్‌లోనే ఉంచాడు. పిల్ల చలికి పళ్ళు టకటకలాడిస్తోంది. ఒళ్ళు బిగుసుకుపోయి నీళ్ళల్లో కండరం పట్టేస్తుందేమోనని పెద్దమ్మకి అప్పుడే దిగులు మొదలైంది.

"అమ్మడూ, వెళ్ళి వెనక మెట్టు మీద కూర్చో. అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయి. కాళ్ళు పెట్టుకో, కాస్త తెరిపినపడతావు."

పడవ వెనకాల, నీటికి జానెడు పైన, ఎక్కడానికీ దిగడానికీ ఒక వెడల్పాటి మెట్టు ఉంటుంది. ఇంజిను పొగగొట్టం దాని కిందే. అందుకే అక్కడ నీళ్ళు వెచ్చన. పిల్ల వెళ్ళి కూర్చుంది. పెద్దమ్మ గేరు మధ్యలో ఉందో లేదో వంగి చూసుకుంది. ఉంది, రెక్కలు తిరగడం లేదు. పిల్ల భుజాలమీద తువ్వాలు కూడా కప్పింది. గాలి వెనకనించి వీస్తూ ఆ గొట్టం ఊదేదాన్ని పడవ వైపే తోస్తోంది. ఆవిడ ఆ గాలిని పట్టించుకోలేదు. ఆవిడ భయాలన్నీ కంటికి కనపడేవాటి మీదే ఉండేవి.

కాసేపటికి పిల్ల ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. "పెద్దమ్మా, తల దిమ్ముగా ఉంది."

"ఖాళీ కడుపుతో వస్తే దిమ్ముగా ఉండక ఏమవుతుంది? పొద్దున్న తినమంటే తిన్నావా?" అని రెండు బిస్కెట్లు చేతిలో పెట్టింది. పిల్ల ఒకటి కొరికి రెండోది పక్కన పెట్టేసింది.

తొట్లు నిండాయి. పిల్ల పలకతో నీళ్ళల్లోకి దిగింది. పడవ కదిలింది, అల లేచింది. పిల్ల లేచి నిలబడింది, తాడు విసిరేసింది. ఒక నిమిషం హాయిగా సాగింది. రెండో నిమిషంలో పెద్దమ్మకి ఏదో తేడాగా అనిపించింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మొహంలో ఏమీ లేదు. చూపు తనమీదే ఉంది కానీ తనని చూడటం లేదు. మోకాళ్ళు వదులయ్యాయి. పడేటప్పుడు పక్కకి దూకాలని పిల్లకి తెలుసు. దూకలేదు. బట్టల మూట జారినట్టు అలలోకి జారిపోయింది.

జెండా లేచింది. "పడింది!"

మరిది వేగం తగ్గించి పడవని తిప్పడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ చెయ్యి కోసం చూస్తోంది. ఒకటి, రెండు, మూడు. నురుగులోంచి జాకెట్ పైకొచ్చింది. పిల్ల తల పక్కకి వాలిపోయి ఉంది. నాలుగు, అయిదు.

"చెయ్యెత్తలేదు!" ఆవిడ గొంతు ఆవిడకే గుర్తుపట్టలేనట్టుగా ఉంది. "ఒరే, చెయ్యెత్తలేదురా!" మరిదిని ఒరే అనడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

పడవ చుట్టూ తిరిగి పిల్లకి దగ్గరగా వచ్చింది. అలవాటు కొద్దీ మరిది ఇంజిను ఆపాడు, అలవాటు కొద్దీ తాళం వెనక్కి విసిరాడు, అలవాటు కొద్దీ ఆవిడ మెడలో వేసుకుంది. అప్పుడు గాలి పడవని పక్కకి తోసేసింది. నాలుగు బారల దూరం ఉన్న పిల్ల ఆరు బారలైంది. చిన్న అల వచ్చి పిల్ల నోటి మీదుగా వెళ్ళింది. పిల్ల దగ్గలేదు.

ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈ నీళ్ళకి అడుగు లేదని ఎవరో చెవిలో చెబుతున్నట్టు ఉంది. ఇంకో చిన్న అల వచ్చి పిల్లని ముక్కు దాకా ముంచింది. ఆవిడ పడవకి కట్టిన తాడు కొస పట్టుకుని, కళ్ళు మూసుకుని దూకేసింది.

నీళ్ళు చెవుల్లో గుయ్యిమన్నాయి. చలికి గుండె పట్టేసింది. చచ్చిపోయాననే అనుకుంది. అంతలో తను కుట్టిన జాకెట్టే తనని పైకి నెట్టింది. ఈత కాదు, ఏమీ కాదు, కుక్కపిల్లలా కాళ్ళు తన్నుకుంటూ, మింగిన నీళ్ళు కక్కుకుంటూ వెళ్ళింది. వేళ్ళకి పిల్ల జాకెట్ పట్టీ తగిలింది. ఆ పట్టీ తనే లాగి చూసి పంపింది. తెగదని తెలుసు. పట్టుకుని, పిల్ల గడ్డం పైకెత్తి తన భుజం మీద ఆనించుకుంది.

"లాగు!"

పడవలోంచి ఏ జవాబూ రాలేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత తాడు బిగిసింది. మరిది లాగుతున్నాడు, ఏడుస్తూ లాగుతున్నాడు. పక్కగా చేర్చి ముందు పిల్లని పైకి తీసుకున్నాడు, తర్వాత ఆవిడని. పిల్లని బోర్లా తిప్పితే నీళ్ళు కక్కింది. మూలిగింది. ఆ మూలుగు విన్నాక ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"తాళం, వదినా!"

ఆవిడ ముందు పిల్ల పాదాలు చూసింది. రెండూ పడవలో ఉన్నాయి. అప్పుడు తీసి ఇచ్చింది.

పిల్లని పడవ ముందు భాగంలో, గాలికి ఎదురుగా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒడ్డు చేర్చారు. ఆసుపత్రిలో పిల్ల మొహానికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. రక్తం తీసుకెళ్ళిన డాక్టరమ్మ అరగంటకి తిరిగొచ్చి ఒకే ప్రశ్న అడిగింది. "ఇంజిను నడుస్తుండగా అమ్మాయి పడవ వెనకాల కూర్చుందా?"

ఇంజిను పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందట. నిద్రొచ్చినట్టు వస్తుందట. తలనొప్పి, ఆవలింతలు, తర్వాత ఒళ్ళు స్వాధీనం తప్పడం. ఆ మెట్టు మీద ఇరవై నిమిషాలు చాలట. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతోంది. ఆవిడకి వెచ్చటి నీళ్ళు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

వరండాలో బెంచీ మీద మరిది తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. "వదినా, నువ్వు దూకగానే నా చెయ్యి తాళం కోసం పోయింది. వెనక్కి నడిపి మీ దగ్గరికి వచ్చేద్దామని. మూడుసార్లు పోయింది. మూడుసార్లూ అక్కడ తాళం లేదు."

ఆవిడ ఆ పొగడ్త తీసుకోలేదు. "అమ్మడిని ఆ మెట్టు మీద కూర్చోబెట్టింది నేనేనయ్యా" అంది. మరిది తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది.

సాయంత్రం పిల్ల తెలివిలోకి వచ్చాక మంచం పక్కన నిలబడి అదే మాట చెప్పింది. పిల్ల గొట్టం పక్కకి జరుపుకుని, "నాకేం గుర్తులేదు పెద్దమ్మా. పడవెక్కడమే గుర్తులేదు" అంది. ఆవిడ ఆ మాట పట్టుకుని నెల్లాళ్ళు బతికింది. పిల్లకి గుర్తులేదు, అదొక్కటే అదృష్టం అనుకుంది. ఆ నెల్లాళ్ళూ షెడ్డు దాటలేదు, పడవ వైపు చూడలేదు. తాళం మాత్రం మరిది ఎర్ర పట్టీతో సహా తెచ్చి మిషను మీద పెట్టి వెళ్ళాడు.

పోటీలు అయిపోయాయి. నెల తర్వాత పిల్లే వచ్చి, మిషను మీది తాళం తీసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ రోజు కొత్తగా వచ్చిన భార్యాభర్తలు ఇద్దరున్నారు. మరిది తొట్లు నింపడానికి ఇంజిను వేశాడు. చలిగానే ఉంది. ఆ భార్య మెల్లిగా వెనక మెట్టు వైపు నడిచింది. తాళం పిన్ని వద్దనబోయింది. ఎవరికైనా చెప్పే అర్హత తనకి ఉందా అని ఒక్క క్షణం ఆగింది.

ఈలోగా పిల్ల అడ్డం వెళ్ళి నిలబడింది. "అక్కా, అక్కడ కూర్చోకండి. నీళ్ళు చాలా వెచ్చగా ఉంటాయి, లేవబుద్ధి కాదు. ముందు తల దిమ్మెక్కుతుంది. బిస్కెట్ కూడా సహించదు..."

ఆగిపోయింది. పెద్దమ్మ వైపు తిరగలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

పడవెక్కడమే గుర్తులేని పిల్లకి బిస్కెట్ గుర్తుంది.

తాళం పిన్ని ఆ పిల్ల వీపు వైపు చూసింది. తర్వాత లేచి మరిది ముందుకి వెళ్ళి అరచెయ్యి చాపింది. నీళ్ళల్లో ఎవరూ లేరు, పడవ రేవు కూడా వదల్లేదు. మరిది ఎందుకని అడగలేదు. ఇంజిను ఆపి తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ కొత్తావిడ తిరిగి లోపలికొచ్చి కూర్చునేదాకా అది ఆవిడ మెడలోనే ఉంది.