కాంగో నుంచి వచ్చిన తిట్టు

మా ఆఫీసులో యుద్ధానికి ‘ఆలస్యం’ అని పేరు. దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు దగ్గర ఎగుమతి, దిగుమతి కాగితాలు చూసే చిన్న ఆఫీసు అది. కాంగో గనుల్లోంచి రాగి లారీల మీద దక్షిణానికి దిగి వచ్చేది. మేం కాగితాలు సరిచేశాక ఓడెక్కేది. తిరిగి వెళ్ళే లారీల్లో మొక్కజొన్న పిండి, వంటనూనె, సబ్బులు పైకి పోయేవి. నేను చేరిన కొద్ది రోజులకే అక్కడ యుద్ధం రాజుకుని రెండు దారులూ ఎండిపోయాయి. యూరప్‌లో తీగలు చేసే ఫ్యాక్టరీ నుంచి ఒకాయన ఫోన్ చేసి, నా పనివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారయ్యా అని మొత్తుకునేవాడు. బీమావాళ్ళు ఆ దారికి రేటు పెంచేశారు. డర్బన్ శివారు ఫీనిక్స్‌లో లారీలకు టార్పాలిన్లు కుట్టే షెడ్డులో ఆడవాళ్ళని సగం రోజులే పనికి రమ్మన్నారు. కాంగోలో పిండి బస్తా ధర ఎంతకు పోయిందో మమ్మల్ని ఎవరూ అడగలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను మాత్రం అన్నిటికీ కలిపి ‘ఆలస్యమునకు చింతిస్తున్నాము’ అని ఇంగ్లీషులో టైపు చేసేవాణ్ణి. అలా టైపు చేసీ చేసీ ఆ మాటంటేనే ఒళ్ళు మండేది.

కాకినాడ నుంచి ఆ ఉద్యోగానికి వచ్చి, డర్బన్ పక్కన వెరులంలో ఒక ముసలావిడ ఇంటి వెనకగది అద్దెకు తీసుకున్నాను. వీధంతా ఆవిడని అవ్వ అనే పిలిచేది, నేనూ అంతే. వాళ్ళ తాతలు చెరకు నరకడానికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అవ్వ దగ్గర మిగిలిన తెలుగు కొంచెమే. అదైనా నాతో మాట్లాడేటప్పుడు పండక్కి తీసిన చీరలా జాగ్రత్తగా వాడేది. ఇండియా నుంచి వచ్చిన చదువుకున్నవాణ్ణని గౌరవం. ఆ గౌరవం వల్ల ఆవిడ అసలు నోరు ఎలాంటిదో నాకు చాలా కాలం తెలియలేదు.

అవ్వ ఒక్కగానొక్క కొడుకు ఆ రాగి లారీల్లో ఒకటి నడిపేవాడు. నేను ఆ ఇంట్లో దిగేసరికే లారీతో కాంగో వెళ్ళిపోయాడు, ముఖం కూడా చూడలేదు. దారిలోంచి ఒకసారి ఫోన్ చేశాడట. తర్వాత లేదు. లారీ కంపెనీవాళ్ళు కనుక్కుంటున్నాం అనేవారు. నేను టాక్సీ దిగి సందులోకి రాగానే అవ్వ గేటు దగ్గర నిలబడి ఉండేది.

“బాబూ, నీ ఆఫీస్ ఏటి సెప్తంది?”

“లారీలు ఆలస్యం అవుతున్నాయవ్వా.”

“లారీ గాదు. నా బోయ్.”

సరిహద్దు దగ్గర పెద్ద లైనుందట, అందులో ఉండి ఉంటాడు అని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళి, ఇద్దరికి సరిపడా అన్నం వండి, సగం పక్కింటి కుక్కకి పెట్టేది. అతను బతికున్నాడన్న నమ్మకం నాకు లోపల్లోపల చచ్చిపోయింది. ఈ ముసలితల్లికి ఆ కబురు నా చేత చెప్పించకు స్వామీ అని మొక్కుకునేవాణ్ణి. తెలుగులో చెప్పాల్సి వస్తే అది నా నెత్తినే పడుతుందని తెలుసు.

ఆ రోజుల్లో తెల్లవాళ్ళ పాలన పోయాక దేశమంతా రెండోసారి ఓట్ల సందడిలో ఉంది. కరెంటు స్తంభాల నిండా నాయకుల నవ్వులే. టాక్సీలో పక్కన కూర్చున్న ఒకాయన, మన బతుకులు ఇప్పుడే బాగుపడుతుంటే ఈ పైదేశాలవాళ్ళంతా యుద్ధం పేరు చెప్పి ఇక్కడికొచ్చి పడుతున్నారని గొణిగాడు. నాకు చిర్రెత్తి, నేనూ పైదేశంవాణ్ణే అన్నాను. నువ్వు వేరు, నీకు టై ఉంది అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అవ్వ అరుగు మీద ఆకుకూర గిల్లుతోంది. గేటు దగ్గర పొడుగాటి మనిషి వచ్చి ఆగాడు. ఒంటి మీద తనది కాని కోటు. వచ్చీరాని ఇంగ్లీషులో, తాను కాంగో నుంచి వచ్చానన్నాడు. పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి, “మీ కొడుకు” అని ఇంగ్లీషులోనే అన్నాడు. ఊపిరి తీసుకుని, “సచ్చినోడు” అన్నాడు.

నా చేతిలో తడి చొక్కా మట్టిలో పడింది. కాంగో మనిషి నోట తెలుగు మాట ఎలా వచ్చిందనే ఆలోచనే రాలేదు. ఇన్నాళ్ళూ భయపడిన కబురు నా భాషలోనే వచ్చి నిలబడింది. అవ్వ పడిపోతుందేమో, పట్టుకుందామని పరిగెత్తాను. అప్పటికే ఆవిడ గేటు చువ్వలు పట్టుకుని ఉంది.

“సే అగైన్,” అంది.

“సచ్చినోడు,” అన్నాడతను, ఈసారి కాస్త బెదురుగా.

అవ్వ నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు. “నా మాటది, బాబూ. ఆణ్ణి నాను అట్నే పిలుస్తాను. స్మాల్ టైమ్ నించీ. అన్నానికి రాపోతే, సచ్చినోడా రా అంటాను. నిజంగా సచ్చిపోతే ఈడికి ఎవుడు నేర్పినాడు?”

మా మామ్మ కూడా నన్ను జీవితమంతా అదే మాటతో అన్నానికి పిలిచింది. అయినా ఆ క్షణంలో అది తిట్టని తట్టలేదు. భయపడ్డవాడి చెవికి ముద్దుమాట కూడా చావుకబురే.

అతను లోపలికొచ్చి అన్నం తిన్నాక సంగతంతా చెప్పాడు. సైనికులు లారీ లాక్కున్నారు. అవ్వ కొడుకు ఒక చర్చి ఆవరణలో తనతో పాటే తలదాచుకున్నాడు, జ్వరం తగ్గుతోంది, నడవగలిగితే సరిహద్దు దాటతాడు. మా అమ్మ కొత్తవాళ్ళకి గేటు తియ్యదు, డబ్బు కోసం వచ్చావనుకుంటుంది, ఈ ఒక్క మాట చెప్పు చాలు అని నేర్పి పంపాడట. దారంతా వల్లిస్తూ వచ్చాడు. చివరి అక్షరం ఎక్కడో అరిగి, ‘డా’ కాస్తా ‘డు’ అయింది.

“మీ ఇంటి దేవుడి పేరనుకున్నాను,” అన్నాడు. తిట్టని చెబితే మొదటిసారి నవ్వాడు.

చెరకు నరకడం మొదలయ్యే వేళకి కొడుకు ఇల్లు చేరాడు. సగం మనిషయ్యాడు. లారీ పోయింది కాబట్టి ఉద్యోగం కూడా లేదంది కంపెనీ. అవ్వకి ఆ దిగులేమీ లేదు. ఆ ఆదివారం కాంగో అతన్నీ భోజనానికి పిలిచింది. అప్పటికి అతను డర్బన్ బీచ్ దగ్గర కార్లకి కాపలా కాస్తున్నాడు. చేపల పులుసు చేసింది. కొడుక్కి, అతనికి, నాకు వరసగా వడ్డిస్తూ, ముగ్గుర్నీ ఒకే తిట్టుతో తినమని గదమాయించింది. నాకూ ఆ తిట్టు దొరికినందుకు సంతోషంతో కడుపు నిండిపోయింది.

పులుసు మళ్ళీ పోస్తూ అతన్ని అడిగింది, ఇంగ్లీషూ తెలుగూ కలిపేసి. పెళ్ళాం ఉందా, పిల్లలున్నారా అని. ఉన్నారన్నాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఊరి మీద కాల్పులు మొదలైనప్పుడు తలో దిక్కూ పరిగెత్తారు. వాళ్ళు ఇంకా ఆ వైపే ఎక్కడో ఉండి ఉంటారు.

“మరి నీ పెళ్ళానికి ఏ మాట సెప్పి పంపినావు? ఎవరి సేత పంపినావు?”

అతను కంచం కాస్త పక్కకి జరిపాడు. “ఎవరి చేత పంపను, మామా?” అన్నాడు. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మ. “దారంతా అడుగుతూనే వచ్చాను. అందరూ ఇటు వచ్చేవాళ్ళే. అటు వెళ్ళేవాడు ఒక్కడూ కనపడలేదు.”

కొడుకు నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆపేశాడు. ఆ దారిన అటు లారీ నడిపినవాడు ఆ గదిలో తనొక్కడే. తలెత్తి అతని వైపు చూశాడు, “నాను పోయి…” అనబోయాడు. అవ్వ గిన్నె కింద పెట్టి, వెనకనుంచి కొడుకు భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.