పెద్ద అంకె ఒక్కటే చదివిన రోజులు

మా చిన్నప్పుడు... నెల్లూరు నుంచి వచ్చే మొదటి బస్సు కొండమ్మక్క టీ అంగడి ముందు ఆగీ ఆగకముందే కండక్టర్ పేపరు చుట్టి కిందికి విసిరేవాడు. మా ఊరికంతా వచ్చేది అదొక్కటే పేపరు. దాన్ని ముందుగా విప్పేది నేను.

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఇసుక నేలల ఊరు మాది. పంటంటే వేరుశనగే. టీకి వచ్చినవాళ్లకు మొదటి పేజీతో పనిలేదు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో తర్వాత చూసుకోవచ్చు... "ఏం పాపా, శెనక్కాయలు ఎంత చెప్పినాడు?" అదొక్కటే అడిగేవాళ్లు. నేను లోపలి పేజీ తీసి మార్కెట్ ధరలు పైకి చదివేదాన్ని. అప్పుడు నాది ఐదో తరగతి.

మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేనే. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి కూడా నన్నే నిలబెట్టేవారు. అందుకేనేమో... నా నోట వచ్చిందంటే రాసి ఉన్నట్టే అని ఊరికి నమ్మకం. నాయన మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. వెనక గుంజకు ఆనుకుని, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా వినేవాడు.

పేపర్లో ప్రతి మార్కెట్ పేరు పక్కనా మూడు గళ్లు ఉండేవి. తక్కువ ధర, ఎక్కువ ధర, సగటు. నేను ఎక్కువ ధర ఒక్కటే చదివేదాన్ని.

మొదట్లో తెలియక... పెద్ద అంకే అసలు ధర అనుకున్నాను. కొన్నాళ్లకు మా బడిలో సారు చెప్పారు, ఆ పెద్ద ధర ఏ ఒకటి రెండు మేలు రకం రాసులకో పలుకుతుందనీ, మిగతా సరుకంతా సగటుకే పోతుందనీ. అయినా మానలేదు. పెద్ద అంకె చదవగానే అక్కడి ముఖాలు వెలిగేవి. "బంగారు నోరమ్మా నీది" అని కొండమ్మక్క ఒక మసాలా వడ చేతిలో పెట్టేది. ఆ మాట కోసం మిగతా రెండు గళ్లనూ మింగేసేదాన్ని.

ఆ ఏడు మాకు కాయ బాగా దిగింది. ఎండబెట్టి బస్తాలకెత్తి వాకిట్లో వరసగా పేర్చాం. అన్నాళ్లూ పక్క చేనాయన ఇంజన్ ఖాళీ అయ్యేదాకా కాచుకుని నీళ్లు పెట్టుకున్న నాయన, ఈసారి సొంతానికి ఒక ఆయిల్ ఇంజన్ కొనాలనుకున్నాడు. దానికి పాక ఎక్కడ వెయ్యాలో కూడా చేలో నాలుగు పుల్లలు గుచ్చి పెట్టుకున్నాడు.

కాయలు కొనే దళారి పేరు వెంగయ్య. వస్తే గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపేవాడు. లోపల గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. తర్వాత ఒకటి చిదిమి, గింజ కొరికి, అప్పుడు ధర చెప్పేవాడు. మా అవ్వకు చదువు రాదు కానీ ఆమె లెక్క ఆమెకుండేది. వెంగయ్య కూర్చుని మంచినీళ్లు అడిగితే ధర పెరిగినట్టు... నిలబడే మాట్లాడితే పడినట్టు.

ఆ రోజు వెంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగి, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. ఆయన చెప్పిన ధర వినగానే ఇచ్చెయ్యమని అవ్వ నాయనకు సైగ చేసింది.

నాయన తల అడ్డంగా ఊపాడు. "మా పాప పొద్దున్నే చదివింది వెంగన్నా. పేపర్లో ఇంకా ఎక్కువుండాది."

వెంగయ్యకు కోపం రాలేదు. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "ఏం పాపా, పేపర్లో ఒక్క రేటే ఉండాదా?"

నాయన నా ముఖంలోకే చూస్తున్నాడు...

"ఒక్కటే" అన్నాను.

వెంగయ్య గ్లాసు బోర్లించి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ధర తగ్గింది. ఆ మర్నాడు ఇంకాస్త. మూడో రోజు మధ్యాహ్నం సముద్రం మీద నుంచి ఉన్నట్టుండి వాన... గాలికి బస్తాల మీద కప్పిన పట్టలు లేచిపోయాయి. అమ్మా, అవ్వా, నేనూ తలా ఒక కొస పట్టుకున్నా ఆగలేదు. తడిసిన కాయల్ని మళ్లీ ఎండబెట్టాం కానీ పెంకు నల్లబడింది, లోపల గింజకు బూజు వాసన పట్టింది. ఈసారి వెంగయ్య కూర్చోలేదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకునే ధర చెప్పాడు. నాయన ఎదురు మాట్లాడకుండా తూకానికి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం కొండమ్మక్క దగ్గర పాత పేపరు అడిగి తెచ్చుకున్నాను. చేలో పుల్లలు పీకుతున్న నాయన ముందు పరిచి, మూడు గళ్లూ వేలు పెట్టి చూపించాను. అన్నాళ్లూ ఏం చేశానో చెప్పాను. ఏడుపొచ్చింది.

నాయన చేతిలో పుల్లలు కింద పెట్టి కాగితం మీదికి వంగాడు. "దీంట్లో తక్కువది ఏది?" అని అడిగాడు. చూపిస్తే దాని మీద తన వేలు ఆనించాడు.

"రేపట్నుంచి ఇది ముందు చదువమ్మా. ఎక్కువది నువ్వు చదవకపోయినా మేము అనుకుంటానే ఉంటాం."

మర్నాడు బస్సు వచ్చే వేళకు నన్ను తనే అంగడికి తీసుకుపోయాడు. తక్కువ ధర చదివాను... ఎవరి ముఖమూ వెలగలేదు. ఆ పూట వడా రాలేదు. నాయన మాత్రం టీ వేడి మీదే తాగాడు.

ఇప్పుడు మా ఊరి అంగడికి పేపరు రావడం లేదు. ధరలు అందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. ఎక్కడో పామాయిల్ తెచ్చే ఓడ ఆగిందంటే వంటనూనెతో పాటు ఇక్కడ మా శనక్కాయ ధర సాయంత్రానికే కదులుతోంది. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుని మాట్లాడకుండా లేచిపోతున్నారు... చదివేవాళ్లూ లేరు, వినేవాళ్లూ లేరు.

నాయన ఫోన్లోకీ ఆ ధరలు వస్తాయి. అంకెలు గుర్తుపట్టడం ఎప్పుడో నేర్చుకున్నాడు. అయినా నేను ఊరికొచ్చినప్పుడల్లా, తిరిగి నెల్లూరు బస్సుకు బయల్దేరే ముందు ఫోన్ నా చేతికిచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడతాడు. నేను తక్కువది ముందు చదువుతాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు పేపరు చదివి వినిపించింది మీరేనా... అప్పుడు ఏ గడి చదవకుండా వదిలేశారో ఇప్పుడైనా చెప్తారా?