నేను శాంపిల్‌గా నింపిన ఫారం

టీ తాగుతూనే వినండి. కానీ మధ్యలో నవ్వొచ్చి టీ ముక్కులోకి పోతే ఆ బాధ్యత నాది కాదు. పోయిన నెల మా కాలేజీలో ఫోన్ పిచ్చి బాగా ముదిరిపోయిన విద్యార్థిని ఎవరా అని పెద్ద వెతుకులాట జరిగింది. చివరికి దొరికింది. ఆవిడకి నలభై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు, కామర్స్ పాఠం చెబుతుంది. అవునండీ, నేనే!

మొదట్నుంచీ చెప్తా. నేనుండేది జగ్గయ్యపేటలో, పనిచేసేది నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. పొద్దున ఎనిమిదింటికి పేటలో బస్సెక్కితే తొమ్మిదిలోపు నందిగామలో దిగాలి. దిగాలి అంటున్నా గానీ అన్నిసార్లూ దిగుతానని కాదు. సీట్లో కూర్చోగానే నిద్ర పట్టేస్తుంది. ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే నందిగామ దాటిపోయి కీసర టోల్‌గేటు! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో మాత్రం కడుపునొప్పి వల్ల లేటయిందని చెప్పా.

ఇలా ఉండగా మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. కమిటీ వస్తుందంటే ఫైళ్ళు కావాలి. 'విద్యార్థుల్లో ఇంటర్నెట్ వాడకం, నిద్ర, మానసిక ఆరోగ్యం' అని ఒక సర్వే చేసి ఫైలు పెట్టాలన్నారు ప్రిన్సిపాల్ గారు. "మీరైతే ఓపిగ్గా చేస్తారు పద్మజ గారూ" అన్నారు. ఈ మాట నా దాకా వచ్చిందంటే మిగతా అందరూ ముందే తప్పుకున్నారని అర్థం. సరే, పిల్లల్ని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చా. "రాత్రి పదింటికల్లా ఫోన్ పక్కన పెట్టేయాలి. మనం ఫోన్‌ని వాడాలి గానీ ఫోన్ మనల్ని వాడకూడదు!" చప్పట్లే చప్పట్లు. నా వెనక నా ఫోటోతోనే బ్యానర్.

ఆ తర్వాత ఫోన్‌లో నింపే ఫారం ఒకటి తయారుచేశా. ఇరవై ప్రశ్నలు. పిల్లలు భయపడకుండా నిజం చెప్పాలని పేరు అడగలేదు. వంట దించే ముందు ఉప్పు చూసినట్టు, ఏ ఫారమైనా పంపేముందు మనమే ఒకటి శాంపిల్‌గా నింపి చూసుకుని దాన్ని తీసేయడం మా కాలేజీలో అలవాటు. ఆ శాంపిల్ నేను బస్సులో మొదలుపెట్టా. ఆడా మగా? ఆడ. ఏ సంవత్సరం? లెక్చరర్ అనే ఆప్షన్ నేను పెట్టలేదు, ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకి పోదు. సెకండియర్ అని నొక్కా. ఎటునుంచి వస్తారు? జగ్గయ్యపేట వైపు, బస్సు. ఇక్కడిదాకా శాంపిలే.

'రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?' అని తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్న రాసింది నేనే. అయినా ఎవరో దగ్గర కూర్చుని ప్రేమగా అడిగినట్టు అనిపించిందండీ! నన్నెవరు అడిగారు గనక ఇలాంటివి? నిజం రాసేశా. రెండింటికి, ఒక్కోసారి రెండున్నరకి.

ఫోన్ వల్ల వచ్చిన ఇబ్బందులు? 'పాలు మూడుసార్లు పొంగిపోయాయి. ఒకసారి గిన్నె మాడిపోయింది. బస్సులో నిద్రపోయి కీసర దాకా వెళ్ళిపోయా.'

ఇంట్లోవాళ్ళు ఏమంటారు? 'ఆయన మూడుసార్లు పిలిచినా పలకనంట. నాలుగోసారి పక్కగదిలోంచి ఫోన్ చేస్తారు. వెంటనే ఎత్తుతా.'

ఫోన్ పక్కన పెట్టాలంటే ఎలా ఉంటుంది? 'అందరూ పడుకున్నాక దొరికే ఆ కాస్త సమయమే నాది. ఫోన్ పక్కన పెడితే రేపు మొదలైపోతుంది.'

రాసి చదువుకుంటే కళ్ళు చెమర్చాయి. సర్వే ఫారం నింపి ఏడ్చిన మనిషి ఎక్కడైనా ఉందా! కళ్ళు తుడుచుకుని సబ్మిట్ నొక్కా. ఇక దాన్ని తీసేయాలి. తీసేద్దామనే అనుకున్నా. ఈలోపు ఫోన్‌లో ఎవరో ఒకాయన తుప్పు పట్టిన కొడవలిని రుద్దుతూ కనిపించాడు. ముందు నూనెలో నానబెట్టాడు, తర్వాత ఉప్పుకాగితంతో రుద్దాడు. మెరిసేదాకా చూడకుండా ఎలా వదుల్తాం? కొడవలి అయ్యేసరికి కత్తిపీట మొదలుపెట్టాడు. కత్తిపీట అయ్యేసరికి నందిగామ వచ్చేసింది. దిగి పరుగెత్తా. ఫారం సంగతి మళ్ళీ గుర్తొస్తే ఒట్టు.

పిల్లలు దాదాపు అందరూ నింపారు. గురువారం మధ్యాహ్నం అదే సెమినార్ హాల్లో స్టాఫ్ మీటింగు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు పెట్టుకుని, చావు కబురు చెప్పేటప్పటి గొంతుతో మొదలెట్టారు. "పరిస్థితి విషమంగా ఉన్న అమ్మాయి ఒకతి ఉంది. ఫోన్ వ్యసనంలో కాలేజీ ఫస్టు."

ఎవరో పాపం అనుకున్నా. జాలిగా తలూపుతున్నా కూడా. ఆయన చదవడం మొదలుపెట్టారు. "పాలు మూడుసార్లు పొంగిపోయాయి..."

నా తల ఊగడం ఆగిపోయింది.

"చూశారా? చదువుకోవాల్సిన పిల్ల నెత్తిన ఇంటి పనంతా పడేశారు!" అన్నారాయన. ఆఖరి జవాబు చదివేసరికి తెలుగు లెక్చరర్ రామ్మోహన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఫోన్ పక్కన పెడితే రేపు మొదలైపోతుంది. ఏం వాక్యమండీ! ఈ పిల్లకి భాష ఉంది. ఈ పిల్ల రాయాలి!" నిజం చెప్పొద్దూ, ఆ భయంలో కూడా నాకు కాస్త గర్వంగా అనిపించింది. పదిహేనేళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నాం, రామ్మోహన్ గారు నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. అదీ నేనని తెలియక.

"అసలు సంగతి ఇది కాదు" అని ప్రిన్సిపాల్ గారు గొంతు తగ్గించారు. "సెకండియర్ అమ్మాయి. ఇంట్లోవాళ్ళ గురించి అడిగితే 'ఆయన' అని రాసింది. పక్కగదిలోంచి ఫోన్ చేస్తాట్ట."

"అంటే... ఎవరికీ తెలియకుండా పెళ్ళి..." అన్నారు రామ్మోహన్ గారు. అని చెవులు మూసుకున్నారు.

అప్పుడే లేచి నిలబడి చెప్పాల్సింది. లేవలేదు. గోడకి నా బ్యానర్ ఇంకా వేలాడుతోంది, దాన్ని చూస్తూ ఎలా చెప్పను? నా తెలివి వేరే దారిలో పోయింది. పేరు లేని ఫారం కదా, ఎవరు పట్టుకుంటారు? "నాకు వదిలేయండి సార్, నేను మెల్లగా కనుక్కుని మాట్లాడతా" అన్నా. రెండ్రోజులాగి 'మాట్లాడా, మారిపోయింది' అని చెప్పేస్తే సరిపోతుందని నా లెక్క.

"కనుక్కునేదేముంది? సెకండియర్‌లో పేట వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒక్కతే. ఝాన్సీ. రిజిస్టర్ చూసి వాళ్ళ నాన్నకి ఇందాకే ఫోన్ చేసేశా. వస్తున్నారు" అన్నారు.

ఝాన్సీ వాళ్ళది ముక్త్యాల. ఆటోలో పేట దాకా వచ్చి నా బస్సే ఎక్కుతుంది. ముందు సీట్లో కూర్చుని నోట్సు చదువుకుంటూ ఉంటుంది, వెనక సీట్లో నేను నోరు తెరిచి నిద్రపోతూ ఉంటా. అలాంటి పిల్ల మెడకి నా 'ఆయన'ని తగిలించా!

ఝాన్సీ వాళ్ళ నాన్న దానియేలు గారు సిమెంటు లారీ డ్రైవరు. కంచికచర్లలో లోడు దింపుతుంటే మధ్యలో వదిలేసి వచ్చారు. కనుబొమల దాకా సిమెంటు దుమ్ము. కూర్చోమంటే కుర్చీ పాడవుద్దని కూర్చోలేదు. "ఏంది సార్, మా పిల్లకేమైంది?" అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు ఫారం మొత్తం చదివి వినిపించారు. అప్పుడు ఝాన్సీని పిలిపించారు.

"ఎవరమ్మా ఆయన?" అన్నారు దానియేలు గారు.

"ఎవరు నాన్నా?" ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. ఫారం చూపిస్తే చదివి, "ఇది నేను రాయలేదు నాన్నా, ఒట్టు. నేనసలు ఫారమే నింపలేదు" అంది.

"సెకండియర్, అమ్మాయి, పేట బస్సు. నువ్వు కాకపోతే ఇంకెవరమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

దానియేలు గారు కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే సార్. మా వాళ్ళంతా వద్దన్నా నేనే పంపించా" అన్నారు. ఝాన్సీ వైపు తిరిగి, "పద తల్లీ. పుస్తకాలు తెచ్చుకో. రేపట్నుంచి రాదు సార్" అని చెయ్యి చాపారు. ఝాన్సీ తన ఫోన్ ఆ చేతిలో పెట్టింది. "ఫోన్ చేసేముందు నన్నొక్కమాట అడగాల్సింది కదా సార్" అంది, అంతే.

ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డా.

"ఆ ఆయన మా ఆయన సార్!"

అందరూ నా వైపు తిరిగారు. "అంటే ఏంటి మేడమ్?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఆ ఫారం నాది సార్. శాంపిల్‌గా నింపా. తీసేద్దామనుకుంటే మధ్యలో కొడవలి... అదంతా తర్వాత చెప్తా. పాలు పొంగించింది నేనే, కీసర వెళ్ళింది నేనే, పక్కగదిలోంచి ఫోన్ చేసేది మా ఆయనే. కావాలంటే ఇప్పుడే చేసి అడగండి, వెంటనే ఎత్తుతారు."

"అయితే ఆ వాక్యం..." అన్నారు రామ్మోహన్ గారు.

"నాదే సార్."

"బాగుంది" అన్నారు, ఇష్టం లేనట్టు.

ఝాన్సీ మాత్రం నా మొహంలోకి సూటిగా చూసింది. "మీకు తెలిసి కూడా ఇంతసేపు ఊరుకున్నారా మేడమ్?" "భయపడ్డానమ్మా. తప్పయిపోయింది" అన్నా. నా సర్వీసులో ఒక స్టూడెంటుకి క్షమాపణ చెప్పడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయా గానీ, ఆ పిల్ల ఫోన్ మళ్ళీ ఆ పిల్ల చేతికి వెళ్ళడం చూశాక ఊపిరి ఆడింది.

దానియేలు గారు ప్రిన్సిపాల్ గారితో, "సార్, ఇంకెవరి పిల్ల విషయమైనా సరే, ముందు పిల్లని అడిగి తర్వాత ఫోన్ చెయ్యండి. కంచికచర్ల నుంచి బండెక్కి ఎట్టా వచ్చానో నాకే తెలవదు" అన్నారు. ప్రిన్సిపాల్ గారు తలొంచుకున్నారు. తర్వాత దానియేలు గారు నా వైపు తిరిగి, "నిద్రొస్తే మా డ్రైవర్లు బండి పక్కకి తీసి పడుకుంటారు మేడమ్. మీరు పడుకునే టైములో మేలుకుని, మేలుకునే టైములో పడుకుంటన్నారు. మా పిల్ల మీ బస్సే గదా, నందిగామ రాగానే లేపుద్దిలెండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒక్కసారి పగలబడి నవ్వారు. అది మెట్లు దిగేదాకా వినపడింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? శనివారానికి బెజవాడ నుంచి కౌన్సెలర్ గారిని ముందే మాట్లాడేశారు. ఫైల్లో పెట్టడానికి కౌన్సెలింగ్ ఫోటో కావాలి. ఎవర్ని కూర్చోబెడతారు? నన్నే! "వెనక నుంచి తియ్యండి, జడ కనిపిస్తే చాలు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇప్పుడా ఫైల్లో నేను 'కౌన్సెలింగ్ పొందుతున్న విద్యార్థిని'ని. జుట్టుకి రంగేసుకుని ఉండబట్టి సరిపోయింది.

కానీ ఆ కౌన్సెలర్ గారు మంచావిడ. ఫోటో తీసేవాడు వెళ్ళాక, "పగలు మీకంటూ ఎంత టైముంటుందండీ?" అని అడిగారు. ఆలోచించా. బస్సులో నిద్రపోయే ముప్పావుగంట తప్ప ఇంకేం తట్టలేదు. మళ్ళీ ఏడుపొచ్చింది. రాత్రి ఫోన్ మీద విసుక్కునే ముందు పగటిపూట నాకంటూ ఒక అరగంట సంపాదించుకోమన్నారు. ఇప్పుడు సాయంత్రం ఇంటికెళ్ళాక అరగంట డాబా మీద ఒక్కదాన్నే కూర్చుంటున్నా. నా టీ నేనే తాగుతున్నా. ఆ అరగంట మా ఆయన పిలిచినా పలకను. ఈసారి బుద్ధిపూర్వకంగా.

ఝాన్సీ రెండు వారాలు నాతో ముభావంగానే ఉంది. తర్వాత మెల్లగా నా పక్క సీట్లోకి మారింది. కూర్చోగానే రోజూ ఒకటే ప్రశ్న, "నిన్న ఎన్నింటికి పడుకున్నారు మేడమ్?" రెండొందల మందికి హాజరు వేసేదాన్ని, రోజూ ఆ పిల్లకి హాజరు పలుకుతున్నా.

మొన్న మంగళవారం కూడా అడిగింది. "పదిన్నరకి!" అన్నా ధీమాగా. "ఫోన్ హాల్లో పెట్టేసి మరీ పడుకున్నా."

ఝాన్సీ తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. ముందురోజు సాయంత్రం వాళ్ళ చెల్లెలి పుట్టినరోజు ఫోటో స్టేటస్ పెట్టుకుందట. దాన్ని ఎవరెవరు చూశారో వరసగా పేర్లు. అన్నిటికంటే పైన నా పేరు. పక్కన టైము, రాత్రి ఒంటిగంటా పన్నెండు నిమిషాలు.

దొరికిపోయానని తెలిసినా టీచర్ని కదా, గొంతు పెంచా. "అయితే ఒంటిగంట దాకా నువ్వేం చేస్తున్నావు మేలుకుని?"

"నేను తొమ్మిదిన్నరకే పడుకున్నా మేడమ్. పొద్దున లేచి చూసుకున్నా" అంది. ఫోన్ బ్యాగులో పెట్టుకుంటూ మెల్లగా, "మీరు ఊరికే చూళ్ళేదు మేడమ్, లవ్ సింబల్ కూడా కొట్టారు" అంది.