గాలికి ఎదురు నాటిన సన్నజాజి

నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీలో మా ఇల్లు. కింద రెండు గదులు, పక్కనుంచి మెట్లు, పైన డాబా. మా ఆయన పొద్దంతా ఫ్యాక్టరీలో మిషను ముందు నిలబడి, సాయంత్రం వచ్చి, కొత్త గోడలకు తనే పైపు పట్టుకుని నీళ్లు కొట్టి కట్టించుకున్నాడు. అందుకని ఆ ఇంటిని ఒక్క మాట అంటే కన్నతల్లిని అన్నట్టు మొహం పెడతాడు. నేనేమో ఒక్క మాటతో ఆగే మనిషిని కాను.

నిజానికి ఇంటికి వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా గాలిది. పట్నం చెత్తంతా పోగుపడే జవహర్‌నగర్ గుట్ట మాకు ఉత్తరాన, బాగా దూరంలోనే ఉంది. వాన వెలిసిన సాయంత్రం గాలి అటునుంచి తిరిగిందంటే మాత్రం ఆ గుట్ట మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నట్టే. పప్పులో తాలింపు పెట్టినా ఆ వాసనే, ఉతికిన దుప్పటి కప్పుకున్నా ఆ వాసనే. నేను ఉప్పల్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకోవాల్సిన వేళ కిటికీలన్నీ బిగించి, తలనొప్పితో తలకు గుడ్డ కట్టుకుని పడుకునేదాన్ని.

ఒక వానాకాలం ఇక నావల్ల కాదనిపించి, అన్నం వడ్డిస్తూ చెప్పేశాను.

"ఈ ఇల్లు అమ్ముదాం. ఎల్‌బీనగర్ అవతల మా చెల్లె ఉండే దిక్కు, చిన్నదైనా మంచిదే, ఇంకోటి తీసుకుందాం."

ఆయన ముద్ద నమిలి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కుని వచ్చాకే నోరు విప్పాడు.

"ఒక్క ఏడాది ఆగవే. గాలికి నేను మందేస్త."

"గాలికి మందేందయ్యా?"

"పూలచెట్లు. సరిగ్గ ఆ గాలొచ్చే యాళ్లకే పూసేటియి పెడ్త. పొద్దుగాల పూసేటియి నాకేం అక్కరకొస్తయి? నేను డ్యూటీ దిగొచ్చేసరికి అయి వాడిపోయి ఉంటయి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత పెద్ద గుట్ట మీదికి మల్లెపూలతో యుద్ధానికి బయలుదేరిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కొండకు వెంట్రుక కట్టి లాగడమంటే ఇదే. సరే, ఏడాదే కదా అనుకున్నాను. మాటలు గట్టిగా అనుకున్నాం: వచ్చే వానాకాలానికి కూడా నేను పోదామంటే మారుమాట లేకుండా అమ్మేయాలి.

"నీ చెట్టు పువ్వు ఒక్కటన్న నా తలల కనవడ్డదంటే నేనే ఓడిపోయినట్టు" అని కూడా అన్నాను. నోటిదూల.

మర్నాడు సాయంత్రమే ఉప్పల్ రోడ్డు పక్క నర్సరీ నుంచి ఆటోలో మొక్కలు దిగాయి. గుబురుగా నైట్ క్వీన్, రెండు మల్లెలు, లిల్లీ గడ్డలు, తీగ సాగిన సన్నజాజి ఒకటి. సన్నజాజిని మెట్ల మొదట్లో ఉన్న పిడికెడు నేలలో నాటాడు. మిగతావాటిని ఖాళీ పెయింటు డబ్బాలకు అడుగున బొక్కలు పొడిచి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, వాటిలో పెట్టాడు. పెట్టి, డబ్బాలన్నీ వరసగా మెట్ల కిందికి, చీకట్లోకి తోశాడు.

"ఎండకు పెట్టవా?" అన్నాను.

"ఎందుకు? అయి రాత్రి డ్యూటీ జేసేటియి. నైట్ షిఫ్టు జేసినోడు పగలు పండుకోవాలె గదా. నేను నైట్ షిఫ్టు జేసినప్పుడు కిటికీకి దుప్పటి కట్టి పండుకుంటుంటి, మర్చిపోయినవా?"

ఇరవై ఏళ్లు షిఫ్టుల్లో బతికిన మనిషికి ప్రపంచమంతా షిఫ్టులుగానే కనిపిస్తుంది. నాకూ మొక్కల సంగతి పెద్దగా తెలియదు కాబట్టి, ఆ లెక్క ఎక్కడో తిరకాసుగా ఉన్నా కాదనలేకపోయాను. పాపం అవి మెట్ల కింద పగలూ పడుకున్నాయి, రాత్రీ పడుకున్నాయి. పువ్వు సంగతి దేవుడెరుగు, ఉన్న ఆకులే పండుబారి రాలడం మొదలైంది. ఆయన రోజూ డ్యూటీ నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా కూడా దించకుండా ఒక్కోదాని ముందు గొంతుక్కూర్చునేవాడు. "ఇయాల్ల ఓటీ జేస్తున్నయా?" అని నేను లోపలినుంచి అడిగేదాన్ని.

బతుకమ్మ పండుగ ముందు ఇల్లు దులుపుతూ, చెడిపోయిన కూలర్ పెట్టడానికి చోటు లేక నైట్ క్వీన్ డబ్బాను డాబా మీదికి ఈడ్చేశాను. దాన్ని బాగుచెయ్యాలని కాదు, కాలికి అడ్డమని. ఎండలో దాని ఖర్మకు దాన్ని వదిలేశాను. పండుగ వెళ్లిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆరవేసిన బట్టలు తీయడానికి పైకి వెళితే, ఎవరో సెంటు సీసా పగలగొట్టినట్టు గుప్పుమంది. సన్నటి గొట్టాల్లాంటి పూలు, తెలుపో ఆకుపచ్చో తెలియని రంగు, కొమ్మ కొమ్మకూ గుత్తులు. చూడ్డానికి ఏమీ లేదు, వాసన మాత్రం మూడిళ్ల అవతలికి తెలిసేలా ఉంది. చెప్పకుండా దాచుదామా అని ఒక నిమిషం ఆలోచించాను. వాసనను ఎక్కడ దాచను?

ఆయన వచ్చి, చూసి, ముక్కు ఆనించి, చాలాసేపటికి "ఎండ గావాల్నా దీనికి?" అన్నాడు.

"రాత్రి డ్యూటీ జేసేటోళ్లు గూడ పగలు అన్నం తినాలె గదయ్యా."

ఆ రాత్రే డబ్బాలన్నీ డాబా ఎక్కాయి. ఆ తర్వాత నా మాట వింటే ఒట్టు. చలికాలంలో మల్లెలకు నీళ్లు ఆపేసి, ఆకంతా దూసి, పుల్లల్లా నిలబెట్టాడు. మనిషి విసిగి వదిలేశాడని నేను సంబరపడ్డాను. ఎండలు మొదలై మళ్లీ నీళ్లు, ఎరువు పడేసరికి ఆ పుల్లలే మొగ్గతో విరగబడ్డాయి. సన్నజాజి మెట్ల కమ్మీ పట్టుకుని డాబా మీదికి వచ్చి, పిట్టగోడ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆదివారం చర్చికి బయలుదేరిన పక్కింటామె మా గేటు దగ్గర ఆగి, "అన్నా, నైట్ క్వీన్ పెడితే పాములొస్తయంట గదా" అంది భయంగా.

"వాసన వట్టుకొని వస్తదేమో చెల్లె. మన గాలి జర తగిలిందంటే అదే తిరిగిపోతది" అన్నాడాయన.

నేను ముట్టుకోని పూలన్నీ ఆమె జడలోకే వెళ్లేవి. ఆమె గల్లీలో నడుస్తుంటే ఆయన ఆమె జడ వైపు, తర్వాత నా తల వైపు చూసి, మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయేవాడు.

ఇంకో కొత్త అలవాటు కూడా పట్టుకుంది ఆయనకు. రోజూ సాయంత్రం పిట్టగోడ పగులులో ఒక ఊదుబత్తి గుచ్చేవాడు. చూసినవాళ్లకు భక్తి. అసలు సంగతి, పొగ ఎటు వంగుతుందో చూసి గాలి ఎటునుంచి వస్తుందో కనుక్కోవడం. పొగ ఉప్పల్ వైపునుంచి వంగితే ఈల వేస్తూ కిందికి దిగేవాడు. ఉత్తరంనుంచి వంగితే ఈల ఉండేది కాదు.

వానాకాలం రానే వచ్చింది. మొదటి పెద్దవాన వెలిసిన సాయంత్రం డాబా నిండా పూలు, పొగ ఉత్తరంనుంచి. ఇద్దరం పైనే నిలబడ్డాం. ముందు సన్నజాజి వాసన వచ్చింది. దాని వెనకే గుట్ట వచ్చింది. రెండూ కలిశాక పుట్టిన మూడోదాన్ని ఏమనాలో నాకు తెలిసిన తెలుగులో మాట లేదు. చేపలగంపకు అత్తరు పూసినట్టుంది. ఉత్త గుట్టే నయమనిపించింది.

"ఏమంటవ్?" అన్నాడు.

"పోదామయ్యా" అన్నాను.

ఆయన ఊదుబత్తి ఆర్పేసి, "సరే. మాటంటే మాట" అన్నాడు. వాదించి ఉంటే బాగుండేది. నేను సమాధానాలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను, అవన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

బ్రోకర్ ఒకటే జాగ్రత్త చెప్పాడు. "పార్టీ వచ్చినప్పుడు గాలి ముచ్చట మాత్రం తియ్యకున్రి అక్క." ఉద్యోగాలవాళ్లు కాబట్టి సాయంత్రమే వస్తామన్నారట. సరిగ్గా ఆ వేళకే రావాలా అని నేను లోపల గింజుకున్నాను. ఆయన మాత్రం మొక్కలకు నీళ్లు పోసి, ఊదుబత్తి గుచ్చి, పొగ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడాదంతా ఉత్తరపు గాలిని తిట్టిన మనిషి ఆ పూట దానికోసమే ఎదురుచూస్తున్నాడని నాకు తెలిసిపోయింది. పొగ ఉప్పల్ వైపునుంచే వంగింది.

బోడుప్పల్‌లో అద్దెకుండే చిన్న వయసు జంట వచ్చారు. కింద గదులు చూసినప్పుడు ఆ అమ్మాయి మొహంలో ఏమీ లేదు. డాబా మెట్లు ఎక్కుతుండగా ఆగిపోయింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. సన్నజాజి అప్పుడప్పుడే విచ్చుకుంటోంది, నైట్ క్వీన్ గుత్తులు మత్తుగా వాసన వదులుతున్నాయి. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని పిట్టగోడ మీద కూర్చుండిపోయింది.

"ఇల్లు ఇదే తీసుకుందాం. ఇంక వేరేవి చూడొద్దు" అంది భర్తతో.

నేను ఇక్కడ ఉండడానికని ఆయన పెంచిన మొక్కలు ఇల్లు అమ్మిపెట్టాయి. బ్రోకర్ నావైపు చూసి చల్లగా నవ్వాడు. గెలిచింది నేనే.

అబ్బాయి డాబాను అడుగులతో కొలుస్తున్నాడు. "పిల్లర్లు లేపితే పైన ఇంకో రెండు ఫ్లోర్లు వస్తయి. మెట్లు ఇటు తిప్పుదాం. ఈ డబ్బాలన్నీ మీరే తీసుకుపోండి అంకుల్."

"డబ్బాలొస్తయి బిడ్డా. సన్నజాజి రాదు. దాని వేరు నేలల దిగింది" అన్నాడు మా ఆయన.

"అది కొట్టేపిస్తం అంకుల్, ఫికర్ చెయ్యకున్రి."

ఆయన తల ఊపాడు. కాసేపు తీగనే చూశాడు. తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా, "మల్లెలు నీకు ఇడిచిపెడ్త తల్లీ. చలికాలంల నీళ్లు బంజెయ్యాలె. ఆకంత దుయ్యాలె. సచ్చిపోయినట్టు కనవడ్తయి, బుగులు పడకు" అన్నాడు.

ఆ మనిషిని, ఆ ఇంటిని, ఆ డబ్బాలను తిట్టడానికి నాకు హక్కుంది, తిట్టాను, ఇంకా తిడతాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కొట్టేయిస్తామంటే వినడం నావల్ల కాలేదు.

"వాన వెలిసినంక ఒక్క రాత్రి వచ్చి పండుకోన్రి బాబూ" అన్నాను. "జవహర్‌నగర్ గాలొస్తది. ఒడ్డించిన అన్నం ముందట కూసొని ఏడ్వాలనిపిస్తది. కిటికీలు మూస్తే ఉబ్బరం, తెరిస్తే కంపు. నాకు తలనొప్పి పట్టుకున్నదే ఈ ఇంట్ల."

బ్రోకర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ అమ్మాయి పిట్టగోడ మీదినుంచి లేచింది.

"గంతేం రాదు బిడ్డా" అన్నాడు మా ఆయన.

ఏడాదిగా నా తిట్లనుంచి ఇంటిని వెనకేసుకొచ్చీ వెనకేసుకొచ్చీ ఆ నోటికి అదే అలవాటైపోయింది. "ఎప్పుడో ఒకపారి వస్తది. గది గూడ వానాకాలమే" అని ఇంకా సర్దిచెబుతున్నాడు. నేను చీర కుచ్చెళ్ల చాటునుంచి ఆయన కాలు తొక్కాను.

"ఏందే, కాలెందుకు తొక్కుతున్నవ్?" అన్నాడు అందరి ముందే.

దేవుడు నాకిచ్చిన మొగుడు ఇంతే అనుకుని ఆయన్ను పక్కకు నెట్టి, మిగిలిన తిట్లన్నీ నేనే చదివాను. ఏడాదిపాటు సానపెట్టుకున్నవి కదా, ఒక్కటీ తడబడలేదు. వాళ్లు ఆలోచించి చెబుతామని దిగిపోయారు. బ్రోకర్ నమస్కారం కూడా పెట్టలేదు.

ఆయన నీళ్ల పైపు అందుకుని చుట్టసాగాడు. తర్వాత ఆయనే, "అమ్ముదామంటివి గదనే" అన్నాడు.

"అంటి. ఇప్పుడు ఉందామంటున్న. వద్దా?"

ఆయన జవాబు చెప్పేలోపు ఊదుబత్తి పొగ తటపటాయించి, నిదానంగా తిరిగి, నా మొహానికి తగిలింది. దాని వెనకే గుట్ట.

"దీని నెత్తిన పిడుగువడ, గంట ముందు రావొద్దా" అన్నాడాయన గాలితో.

నాకు తలనొప్పి మొదలవుతోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పిట్టగోడ మీది సన్నజాజులు కోశాను. మాల కట్టే ఓపిక లేదు. గుప్పెడు రెబ్బలు అలాగే జడలో దోపుకున్నాను.

ఆయన నీళ్ల పైపు వదిలేసి నన్నే చూస్తున్నాడు.

"ముక్కు మూసుకొని పూలు పెట్టుకునే ఆడిదాన్ని నేనేడ సూడలె."

"సూస్తివి గదా. ఇగ నా జడల పిన్ను తీసి సరిగ్గ పెట్టు, జారిపోతున్నయి."