తప్పు నాదే మేస్త్రీ

మా మేస్త్రీ గారికి మందులేని అలవాటు ఒకటుంది. లోకంలో ఎవరు ఏ పొరపాటు చేసినా దాన్ని తన నెత్తిన వేసుకుంటారు.

బస్సులో ఒకాయన మేస్త్రీ గారి కాలు తొక్కాడు. తొక్కినవాడు నోరు తెరిచేలోగా ఈయనే, "తప్పు నాదేనండీ, కాలు అక్కడ పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. వీధి మొత్తానికి కరెంటు పోతే, ఎదురు కొట్లో దర్జీ దగ్గరికి వెళ్లి మరీ చెప్పుకున్నారు. "తప్పు నాదే. పెద్ద మిషనూ చిన్న మిషనూ ఒకేసారి వేశాను." ఆ రోజు మాకు సెలవు. రెండు మిషన్లూ ముసుగు తన్ని పడుకున్నాయి.

ఫోను మోగితే ఇంకా చిత్రం.

"హలో, గ్యాసు ఆఫీసేనా?"

"కాదండీ. తప్పు నాదే."

"మీదెలా అవుతుంది? నంబరు నొక్కింది నేను కదా."

"ఎత్తింది నేను కదండీ."

అక్కడితో ఆగితే మేస్త్రీ గారే కాదు. పది నిమిషాలు పుస్తకాలు తిరగేసి, గ్యాసు ఆఫీసు నంబరు పట్టుకుని, ఆ మనిషికి మళ్లీ ఫోను చేసి చెప్పారు. వీధిలో అందరూ ఆయన్ని తప్పునాదే మేస్త్రీ అనేవారు. ఆ పేరు ఆయన చెవిన పడితే ఏమనేవారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పందెం కార్ల ఇంజను బ్లాకులకు స్లీవులు వేయడం మా పని. బ్లాకంటే ఇంజనుకు మొండెం లాంటిది. పిస్టన్లు ఆడే సిలిండర్లు అందులోనే ఉంటాయి. కంపెనీ ఇచ్చిన సిలిండరు గోడలు ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి చాలు. ఇంజను బలం రెట్టింపు చేసుకుని పందేనికి పోయేవాడికి మాత్రం పగిలిపోతాయి. అందుకని పాత గోడలు కోసేసి, బ్లాకును పొయ్యిలో వేడి చేసి, గట్టి ఇనుప గొట్టాలను మంచులా చల్లబరిచి లోపలికి జారుస్తాం. వాటినే స్లీవులంటారు. వేడీ చల్లదనం సమానమయ్యేసరికి బ్లాకు ఆ గొట్టాన్ని ఉడుంపట్టు పడుతుంది. అయితే రంధ్రం కంటే గొట్టం సరిగ్గా వెంట్రుకవాసి లావుండాలి. ఆ వెంట్రుక దగ్గరే మా బతుకులన్నీ.

ఆ పనిలో ఆయన్ని మించినవారు లేరు. ఎక్కడెక్కడి నుంచో జనం బ్లాకులు మోసుకొచ్చేవారు. నూనె పొయ్యకుండా బండి తోలి ఇంజను మాడ్చుకున్న ఒక పెద్దమనిషి, నేరం మా షాపు మీద మోపుదామని మీసం తిప్పుకుంటూ వచ్చాడు.

"తప్పు నాదేనండీ, నూనె చూసుకోమని ఇంకోసారి చెప్పాల్సింది" అన్నారు మేస్త్రీ గారు.

పెద్దమనిషి మీసం దిగిపోయింది. "అబ్బే, మీరు చెప్పారండీ. నేనే మర్చిపోయాను" అని ఈయన్నే ఓదార్చి వెళ్లాడు.

నేను అక్కడ చేరక ముందు నీళ్ల మోటార్ల ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేశాను. అక్కడ ఒక్క షాఫ్టు పాడైనా, పాడుచేసినవాళ్ల పేరు గేటు దగ్గర బోర్డు మీద రాసేవారు. నా పేరు రెండుసార్లు ఎక్కింది. మూడోసారి ఎక్కకముందే నన్ను మిషను మీంచి దించి ప్యాకింగులో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి నా చేతులకు పిరికితనం పట్టుకుంది. మేస్త్రీ గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజు ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆయన విని, "కూర్చునే చోటు కాదమ్మా ఇది. రేపు చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రా" అన్నారు. అంతే.

మా దగ్గరికి వచ్చేవారిలో ఒక పళ్ల డాక్టరు గారుండేవారు. వారమంతా పళ్లు పీకి, ఆదివారం పందేల్లో కారు తోలేవారు. ఆయన కారు మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. రెండేళ్లు వెతికితే పనికొచ్చే బ్లాకు ఒక్కటి దొరికింది. దాన్ని మాకు అప్పగించి, రోజూ మధ్యాహ్నం రోగిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చేవారు.

"ఏం లేదు మేస్త్రీ గారూ, పుచ్చిన పన్నుకి తొడుగు వెయ్యడమే కదా మీ పని" అనేవారు.

"మీ రోగులు నొప్పంటే అరుస్తారండీ. మావాళ్లు చెప్పరు. అదే చిక్కు" అనేవారు ఈయన.

ఆ బ్లాకును కోసే పని నాకిచ్చారు. నాలుగు సిలిండర్లు. రెండు బాగానే వచ్చాయి. మూడోది కొలిచే ముందు గేజి ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోలేదు. ముల్లు కదిలిపోయి ఉంది. దాన్ని నమ్మి, కొయ్యాల్సినదానికంటే వెంట్రుకవాసి ఎక్కువ కోసేశాను. ముల్లు సరిచేసి మళ్లీ కొలిస్తే గానీ సంగతి తెలియలేదు. కోసిన లోహాన్ని మళ్లీ అతికించలేం. అలాంటి బ్లాకు ఇంకోటి లేదు.

మేస్త్రీ గారు నా మొహం చూసి వచ్చారు. గేజి తీసుకుని కొలిచారు. ఇంకోసారి కొలిచారు. నేను ఏదో చెప్పబోయేలోగా గుమ్మంలో డాక్టరు గారి గొంతు వినిపించింది.

"ఎలా ఉన్నాడు మా వాడు?"

"తప్పు నాదేనండీ" అన్నారు మేస్త్రీ గారు తల కూడా ఎత్తకుండా. "మూడోది వెంట్రుకవాసి ఎక్కువ కోశాను. దానికి కాస్త లావుపాటి స్లీవు కొత్తగా చేసి వేస్తాను. బలానికి ఢోకా లేదు గానీ, రెండు రోజులు ఆలస్యం."

డాక్టరు గారు ఒక్క క్షణం బ్లాకు వంక చూసి, పకపకా నవ్వారు. "మీ తప్పులకేం లెండి. పోయిన పందేనికి వాన పడినా మీరే కదా సారీ చెప్పారు. కానివ్వండి." ఇంకో ప్రశ్న లేదు. నా వైపు చూడనైనా చూడలేదు. వెళ్లిపోయారు.

ఆయన గుమ్మం దాటగానే అడిగాను. "కోసింది నేనండీ. మీదని ఎందుకు చెప్పారు?"

"గేజి నీ చేతికిచ్చింది ఎవరు?"

"మరి వాన ఎవరు కురిపించారండీ?"

ఆయన చుట్టూ ఒకసారి చూసి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించారు. "ఎప్పుడో ఒక్కసారి తప్పు నాదంటే, నిజమేనా అని ఆరా తీస్తారమ్మా. అన్నిటికీ అంటే ఎవరూ పట్టించుకోరు. మధ్యలో నీలాంటివాళ్లవి నాలుగు కలిసిపోతాయి."

ఆయన ముతక గొట్టం ఒకటి తెచ్చి లేతుకు బిగించి, పక్కకు జరిగారు.

"కొత్త స్లీవు నువ్వే చెయ్యి."

"చేతులు వణుకుతున్నాయండీ."

"వణకనీ. మిషను వణక్కపోతే చాలు."

రెండు రోజులు పట్టింది. ఆయన పక్కనే ఉన్నారు గానీ చెయ్యి పెట్టలేదు. బ్లాకు వేడెక్కాక స్లీవు వదిలితే, బావిలో చేద దిగినంత నున్నగా దిగింది. చల్లారాక కొలిచాను. ఈసారి సున్నా మూడుసార్లు చూసుకున్నాను. పట్టు సరిపోయింది. ఆ పందెంలో డాక్టరు గారు తొమ్మిదిమందిలో అయిదో స్థానంలో వచ్చి, కప్పు గెలిచినంత సంబరపడ్డారు.

మర్నాడు మేస్త్రీ గారి భార్య షాపుకి వచ్చింది. నాకు మనసాగక ఆవిడకు జరిగిందంతా చెప్పేశాను. ఆయన దాచిన పేర్లలో నాదీ ఒకటని, నేను ఇవాళ మిషను ముందు నిలబడ్డానంటే ఆయన చలవేనని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"నిజమేనమ్మా. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మా ఇంట్లో ఒక్క పోట్లాట కూడా సరిగ్గా సాగలేదు. నేను మొదలెట్టగానే తప్పు నాదే అనేస్తారు. ఇక మిగతా పోట్లాటంతా నేనొక్కదాన్నే పోట్లాడుకోవాలి" అని నవ్వబోయి, సగంలో ఆగిపోయింది. ఏదో తట్టినట్టు మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ. అంటే ఈ ముప్పై ఏళ్లూ తప్పులన్నీ నావేనా?"

మేస్త్రీ గారు జన్మలో మొదటిసారి ఆ మాట అనడానికీ లేక, అనకుండా ఉండడానికీ లేక, గబగబా వెళ్లి పెద్ద మిషను వేసేశారు.