పోవడం కాదు, ఎక్కడం

ఆ ఏడంతస్తుల భవనంలో ముప్ఫై మూడేళ్ళపాటు లిఫ్టు నడిపిన మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గాని, జీతం పుచ్చుకునేటప్పుడు చేసే సంతకంలో తప్ప అది మరెక్కడా వినియోగానికి రాలేదు. అందరికీ ఆయన లిఫ్టాయనే. ఇల్లాలు సైతం పొరుగువారితో మాట్లాడేటప్పుడు, "మా లిఫ్టాయన ఇంకా దిగలేదు" అనేది.

ఆయన చేరిన నాటి లిఫ్టుకు ఇనుప చువ్వల మడత తలుపు, ఒక ఇత్తడి పిడి, నడిపేవాడికి ఒక స్టూలు ఉండేవి. పిడి ఎడమకు తిప్పితే పైకి, కుడికి తిప్పితే కిందికి, నిలువుగా ఉంచితే ఆగుతుంది. వినడానికి ఇంతే. కాని లిఫ్టు గడప, అంతస్తు గడప గీత గీసినట్టు ఒక్క మట్టానికి వచ్చి ఆగాలంటే, పిడిని ఏ క్షణాన వదలాలో చేతికి తెలియాలి. నలుగురెక్కితే ఒక లెక్క, తొమ్మండుగురెక్కితే మరొక లెక్క. వేలెడు ఎత్తున ఆగిందా, దిగేవారు బోర్లాపడతారు. ఆయన హయాంలో ఎవరూ పడలేదు. బియ్యపుగింజ మందం తేడా వచ్చినా, "ఒక్క క్షణం" అని సరిచేసి గాని తలుపు తీసేవాడు కాడు.

తొలిరోజుల్లో జనానికి లిఫ్టంటే ప్రాణభయం. "తాడు తెగితే?" అని అడగనివారు అరుదు. "తెగితే నేనూ మీతోనే ఉంటానుగా!" అనేవాడు. ఆ సమాధానంలో తర్కమెంత ఉందో గాని, విన్నవారికి ధైర్యం మాత్రం చిక్కేది. భయంతో పాటు భక్తి కూడా ఉండేదనడానికి ఒక గుమాస్తా కథ సాక్ష్యం. ఆ గుమాస్తా తళతళలాడే ఇత్తడి పిడిని చూసి, చెప్పులు బయట విడిచి వినయంగా ఎక్కాడు. ఏడో అంతస్తులో దిగి, "ఇక్కడే విప్పానే! ఎవడు కొట్టేశాడు?" అని అంతస్తంతా గాలించాడు.

లిఫ్టాయనకు ఒక నియమం ఉండేది. ఆ నాలుగు గోడల మధ్య 'పోవు' అనే క్రియను రానిచ్చేవాడు కాడు. తెలుగులో పైకి పోవడమంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు గదా! చేరిన మొదటి వారంలో, నాలుగో అంతస్తులోని గుండె డాక్టరు కోసం వచ్చిన ఒక రోగిని చూసి, "పైకి పోతారాండీ?" అని మర్యాదగానే అడిగాడు. ఆ పెద్దమనిషి తెల్లబోయి, "ముందు డాక్టరు ఏమంటాడో చూద్దాం బాబూ" అన్నాడు. నాటినుంచి 'ఎక్కుదామా', 'దిగుదామా' అనే రెండు మాటలతోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఎవరైనా పొరపాటున "అర్జెంటుగా పైకి పోవాలి" అంటే, "ఎక్కాలి అనండి. పోవడానికి బోలెడు టైముంది" అని దిద్దేవాడు.

కాలం గడిచినకొద్దీ భయం స్థానంలోకి విసుగు వచ్చి కూర్చుంది. అరనిమిషం ఆలస్యమైతే గంట మూడుసార్లు మోగించేవారు. ఆ తరువాత చేతిఫోన్లు వచ్చాయి. "లిఫ్టులో ఉన్నా, ఏం వినపడట్లేదు" అని అన్ని అంతస్తులకూ వినపడేలా అరిచేవారు. మరికొన్నేళ్ళకు అరుపులు తగ్గి, ఎక్కినవారందరూ తలలు వంచుకొని ఫోన్లలోకి చూస్తూ, తమ అంతస్తు వచ్చినా దిగడం మరిచేవారు. "నాలుగు వచ్చిందండీ, నాలుగు" అని ఆయన భుజం తట్టి దించవలసి వచ్చేది. ఇన్ని మార్పులు చూసినా ఆయన దేన్నీ తిట్టుకోలేదు. మొదట్లో తన లిఫ్టును చూసి, మెట్లమీద సామాన్లు మోసే కూలీలు తిట్టుకున్న సంగతి ఆయనకు జ్ఞాపకమే.

తిట్టుకోవలసిన సమయం యాభై ఏడో ఏట వచ్చింది. ఆరో అంతస్తులో ఉండే ఆడిటరే భవన సంఘానికి కార్యదర్శి. ఆయన ఒకనాడు లిఫ్టులోనే, నేల వంక చూస్తూ చెప్పాడు.

"పాతది తీసేస్తున్నాం పెద్దాయనా. కొత్తదానికి మనిషి అక్కర్లేదు. బటన్ నొక్కితే అదే వెళ్తుంది, అదే ఆగుతుంది. మాట్లాడుతుంది కూడా."

"మాట్లాడుతుందా? ఏ భాషండీ?"

"తెలుగే. జనానికి అలవాటయ్యేదాకా మూడు నెలలు మీరుండండి. ఆ తర్వాత చూద్దాం."

'చూద్దాం' అనే మాటకు అర్థం తెలియనంత అమాయకుడు కాడు లిఫ్టాయన. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. ఇల్లాలి కుట్టుమిషను నిర్విరామంగా తిరుగుతూనే ఉంది. ఆయన దిగులు వేరు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వెళ్ళడానికి ఒక చోటంటూ ఉండాలి గదా!

కొత్త లిఫ్టు వచ్చింది. మూడువైపులా అద్దాలు, నెత్తిన వెన్నెలవంటి దీపాలు. ప్రారంభించిన రోజున అందరూ క్రిక్కిరిసి ఎక్కగా, తలుపులు మూసుకోగానే తేనెలొలికే ఆడగొంతు ఒకటి సెలవిచ్చింది: "మీరు పైకి పోవుచున్నారు."

ఎక్కడో దూరదేశంలో ఎవరో నిఘంటువు ముందుంచుకొని తర్జుమా చేసిన తెలుగు అది. పడుచువాళ్ళు పడీ పడీ నవ్వారు. మరుసటి విడత బరువు మించేసరికి ఆ గొంతే, "భారము అధికమైనది. ఒకరు పోవలెను" అంది. ఎవరు పోవాలో తేలక అందరూ దిగిపోయారు. రెండో అంతస్తు లాయరు, "ఇది ముమ్మాటికీ బెదిరింపే" అని తీర్పిచ్చాడు. గుండె డాక్టరు మాత్రం నవ్వలేదు. "నేను మందులిచ్చి మనుషుల్ని నిలబెడుతుంటే, మీ లిఫ్టు గుమ్మంలోనే పంపించేస్తోంది. నా పేషెంట్లు మెట్లెక్కుతున్నారు!" అని కార్యదర్శి మీద విరుచుకుపడ్డాడు.

లిఫ్టాయనకు ఒక ఉపాయం తట్టింది. తానూ లోపల నిలబడి, సరిగ్గా ఆ గొంతు 'పైకి' అనగానే గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. 'పోవుచున్నారు' ఆ దగ్గులో మునిగిపోయేది. పిడి వదలడంలో ఎంత నేర్పో, దగ్గడంలోనూ అంతే నేర్పు. రోగులు ఆయన ఉంటేనే ఎక్కసాగారు. పదిరోజులు గడిచాక కార్యదర్శి, "పెద్దాయన లేకపోతే కుదిరేలా లేదు" అని ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే లిఫ్టాయన ఆ పదిరోజులూ దగ్గుతూనే ఆనందించాడు. యంత్రం తప్పు మాట్లాడినంత కాలం తన చోటు తనకుంటుంది.

అంతలో లిఫ్టు కంపెనీనుంచి ఇంజినీరమ్మ వచ్చింది. పాతికేళ్ళు దాటిన చురుకైన పిల్ల. ఆయన పక్కన నిలబడి నాలుగుసార్లు ఎక్కి దిగింది.

"బాబాయ్‌గారూ, మీకు దగ్గు ఒకే చోట వస్తుందేంటండీ?"

"వయసమ్మా!"

"వయసు 'పైకి' దగ్గరే వస్తుందా?" అని ఫక్కున నవ్వి, "మాటలు మార్చొచ్చండీ. కొత్త మాటలు కావాలి, కొత్త గొంతు కావాలి. మీరు 'ఎక్కుదామా' అంటుంటే ఎంత బాగుందో! మీరే చెప్పకూడదూ?" అంది.

లిఫ్టాయన మెడ తడుముకుంటూ, "గొంతు నొప్పిగా ఉందమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇల్లాలు సూదిలో దారమెక్కిస్తూ ఈ వైనమంతా విన్నది.

"గొంతు నొప్పా? పొద్దున నాతో వాదించేటప్పుడు లేదే!"

"ఎగతాళి చెయ్యకు. చేతిపని ఎలాగూ అది లాక్కుంది. నోటిమాట కూడా ఇచ్చేస్తే ఇంక నేనెందుకే అక్కడ?"

"ఇవ్వకపోతే? దగ్గుకుంటూ ఎన్నేళ్ళుంటారు?"

ఆయన లేచి రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకోసాగాడు.

మరునాడు మధ్యాహ్నం భోజనం ముగించి వస్తూండగా, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ మెట్లమీద ఒక పెద్దావిడ చతికిలబడి కనిపించింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరుగారు. నెలకోసారి డాక్టరు దగ్గరికి వచ్చే మనిషి. చెయ్యి గుండెమీద ఉంది, ముఖాన చెమట.

"అమ్మగారూ! మెట్లెందుకెక్కారండీ?"

"మీరు లేరు నాయనా. అదేమో పొమ్మంది. నేనింకా కొన్నాళ్ళుందామనుకుంటున్నా" అని ఆవిడ నవ్వబోయింది. నవ్వుకు ఊపిరి చాలలేదు.

ఆయన పక్కమెట్టుమీద కూర్చుండిపోయాడు. తన స్టూలు నిలబడింది ఈవిడ ఊపిరిమీద అన్నమాట! ఆవిడ శ్వాస కుదుటపడ్డాక చెయ్యి పట్టుకొని లిఫ్టులో నాలుగో అంతస్తుకు చేర్చి, డాక్టరు గది ముందునుంచే ఇంజినీరమ్మకు ఫోను చేశాడు.

"అమ్మాయ్, గొంతు నొప్పి తగ్గింది."

అయితే గొంతివ్వడం అనుకున్నంత తేలిక కాలేదు. ఏడో అంతస్తులోని సంఘం గదిలో తలుపులు బిడాయించి, మైకు ముందు కూర్చోబెట్టేసరికి ఆయన నోట మాట పెగలలేదు. "ఖాళీ గదిలో ఎక్కుదామా అని ఎవర్ని అడగనమ్మా?" అన్నాడు. చివరకు జనం ఎక్కిన లిఫ్టులోనే, ఆయన పక్కన నిలబడి ఇంజినీరమ్మ ఆ గొంతును మైకులో పట్టుకుంది. 'ఎక్కుదామా', 'దిగుదామా', ఒకటి నుంచి ఏడు వరకు అంతస్తులు, 'బరువెక్కువైంది, చివర ఎక్కినవారు మరో విడత రండి' అన్నీ ఒక్క పూటలో అయ్యాయి. 'మూడు' వెనక కార్యదర్శి తుమ్ము కూడా పడింది. మళ్ళీ చెప్పిస్తే అంత సహజంగా రాకపోవడంవల్ల తుమ్మును అలాగే ఉంచేశారు.

రోగులు మెట్లు మానేశారు. పెద్దాయన పక్కన లేకపోయినా ఆయన గొంతు పలకరిస్తూంటే హాయిగా ఎక్కసాగారు. చెప్పిన మూడు నెలలూ ముగియగానే కార్యదర్శి నాలుగు మంచిమాటలు చెప్పి, నిజంగానే కళ్ళు తుడుచుకొని, ఆయనను సాగనంపాడు. స్టూలు గోదాములోకి వెళ్ళింది.

ఇంట్లో మూడురోజులు గడిచాయి. మొదటిరోజు ఆయన కుట్టుమిషను బల్ల మట్టంగా లేదని కనిపెట్టాడు. రెండోరోజు దాని కాళ్ళకింద అట్టముక్కలు పెట్టాడు. మూడోరోజు ఆ అట్టముక్కలు తీసి వేరేవి పెడుతూండగా ఇల్లాలు కత్తెర కింద పెట్టి, "మీకో దండం. కాసేపు బజారుకైనా వెళ్ళిరండి" అంది.

నాలుగోరోజు ఉదయం ఇంజినీరమ్మ ఆ ఇంటి తలుపు తట్టింది.

"బాబాయ్‌గారూ, మా ఆఫీసులో మీ గొంతు అందరికీ వినిపించా. మేం పెట్టే లిఫ్టులన్నిటికీ మీరే కావాలంటున్నారు. జీతంమీదేనండీ! వచ్చే నెల ఇరవై మూడంతస్తులది తెరుస్తున్నాం. ఎనిమిది నుంచి చెప్తే చాలు, అంతవరకు ఉన్నాయిగా. ఇప్పుడే, ఇక్కడే చెప్పేయండి."

లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"ఎనిమిది నేను చూడలేదమ్మా."

"చూడటమేంటండీ? అంకేగా!"

"ఏడు అంటే నాకు నీళ్ళట్యాంకు చప్పుడు, కిటికీలోంచి కొట్టే గాలి తెలుసు. అందుకే ఏడు ఏడులా పలికింది. ఎన్నడూ దిగని అంతస్తు వచ్చిందని జనానికెలా చెప్పను? అబద్ధంలా ఉంటుంది."

ఇంజినీరమ్మ దిక్కుతోచక ఇల్లాలి వైపు చూసింది.

"తీసుకెళ్ళి చూపించు తల్లీ! నా మిషను కాళ్ళు బతికిపోతాయి" అంది ఇల్లాలు.

ఆయన చొక్కా తొడుక్కొని బయలుదేరాడు. ఆ భవనానికి ఇంకా రంగులు వేస్తున్నారు. లిఫ్టు గోడలకు అట్టలు కట్టి ఉన్నాయి. ఎనిమిదో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఆయన దిగాడు. పచ్చి సున్నపు వాసన, అద్దాలు బిగించని కిటికీలు, నేలమీద ఎవరిదో బూటు గుర్తు. కిటికీ దగ్గర నిలబడి చూస్తే, ఎదుటి మేడమీద ఆరేసిన బట్టలు మొట్టమొదటిసారి ఆయనకు పైనుంచి కనిపించాయి. చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి లిఫ్టులో నిలబడి, ఆ పిల్ల పట్టుకున్న మైకులోకి కొద్దిపాటి ఆశ్చర్యంతో, "ఎనిమిది" అన్నాడు.

"అబ్బ, ఎంత బాగా వచ్చిందో! ఇంకా పదిహేనున్నాయి బాబాయ్‌గారూ. చీకటిపడేలోగా అవుతాయంటారా?"

"కాకపోతే రేపొద్దున మళ్ళీ వస్తా. తొందరేముంది?" అంటూ లిఫ్టాయన తొమ్మిదో మీట నొక్కాడు.